పసిచేతిలో సూది

మన కృష్ణా డెల్టాలో నేడు పసిబిడ్డకు నాలుగు విరేచనములైనను, మూడు దినములు జ్వరము విడువకున్నను ఇంటిల్లిపాదికి మొదట తోచు మాట ఒక్కటియే: “ఒక బాటిల్ ఎక్కిస్తే తేరుకుంటాడు.” దివిసీమనుండి గాని, కైకలూరు చేపల చెఱువుల ప్రక్కనుండి గాని, గుడివాడ పల్లెలనుండి గాని బిడ్డను భుజాన వేసికొని బెజవాడ బస్సెక్కిన తల్లి, సూర్యారావుపేట వీథులలో ఏదో యొక పిల్లల ఆసుపత్రి మెట్లెక్కును; లేదా ప్రభుత్వ సర్వజనాసుపత్రికి పోవును. గంట గడచునప్పటికి బిడ్డ ముంజేతికి తెల్లని ప్లాస్టరు, తలవైపున ఇనుప కొక్కెమునకు సీసా కనబడును. ఆ సీసా వ్రేలాడగానే ఇంటివారి గుండె కుదుటపడును. ఇక భయము లేదు, మందు లోనికి పోవుచున్నది కదా యని అందఱును ఊపిరి పీల్చుకొందురు.

మేము మా యింటి బిడ్డలకును, బంధువుల బిడ్డలకును తోడుగా ఆసుపత్రులలో పలు రాత్రులు గడిపితిమి. ఆ రాత్రులు మాకు నేర్పిన పాఠమొకటి కలదు. సీసా వ్రేలాడదీయుటతో జాగ్రత్త ముగియదు, అప్పుడే మొదలగును. పెద్దవారి చేతిలో సూది ప్రక్కకు తప్పిన “అబ్బా, మంట” యని చెప్పగలరు. ఎనిమిది నెలల బిడ్డ చెప్పలేదు. ఏడ్పు ఒక్కటియే దాని భాష. ఆకలికి ఏడ్చినను, నిద్రకు ఏడ్చినను, చేయి వాచి ఏడ్చినను క్రొత్తవారి చెవికి అన్నియు ఒక్క తీరుగనే వినబడును. ఆ భేదము తెలిసినది తల్లి. కావున పసిచేతిలో సూది ఉన్నంతసేపు దానికి మొదటి కాపరి తల్లి కన్నే యని మా యభిప్రాయము. ఈ సంగతిని సోదరీమణులతో కొంచెము వివరముగా ముచ్చటింపదలచితిమి.

సిరలోనికి ఉప్పునీరు ఎక్కించుట నిన్న మొన్నటి విద్య కాదు. 1832లో బ్రిటను దేశమున కలరా చెలరేగినప్పుడు, స్కాట్లండులోని లీత్ పట్టణ వైద్యుడు థామస్ లాటా మరణావస్థలో నున్న రోగుల సిరలలోనికి ఉప్పు కలిపిన నీటిని పంపి కొందఱిని బ్రదికించెను. కలరా రోగి నెత్తురులో నీరును, ఉప్పును తఱిగిపోవునని అంతకు కొలది కాలము ముందు కనిపెట్టినవాడు విలియం ఓషానెసీ యను యువ వైద్యుడు. ఆయనయే తరువాత మన దేశమునకు వచ్చి టెలిగ్రాఫు తీగెలు వేయించెను. చిరకాలము లోహపు సూదినే సిరలో నిలిపి యుంచెడివారు. 1950లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు డేవిడ్ మాసా సూదిపై మెత్తని ప్లాస్టిక్ గొట్టమును తొడుగు ఉపాయమును ప్రకటించెను. నేడు మన బిడ్డల చేతికి పెట్టు కాన్యులా ఆ జాతిదే. గ్రుచ్చిన పిదప లోహపు సూదిని వెలికి తీసివేయుదురు. సన్నని గొట్టము మాత్రమే సిరలో నిలుచును. వాడుకలో మనము దానినే సూది యనుచున్నాము. బిడ్డ చేయి కదలించిన లోపల సూది గ్రుచ్చుకొనునేమో యని భయపడు తల్లులు ఈ సంగతి ఎఱుగుట మేలు.

ఈ సాధనము వలన ఎందఱో బిడ్డలు బ్రదికినారు. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. అయినను మొదటి ప్రశ్న మొదట వేయవలెను: ఈ బిడ్డకు సూది నిజముగా కావలెనా? అన్నిటికంటె క్షేమమైన సూది గ్రుచ్చవలసిన పని లేని సూదియే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలమున లక్షల కొలది కాందిశీకులు పశ్చిమ వంగదేశమునకు తరలివచ్చిరి. బన్‌గావ్‌లోని శిబిరమున కలరా ప్రబలెను. సెలైను సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీటిని డ్రమ్ములలో నుంచి, రోగుల బంధువులచేతనే త్రాగింప నేర్పెను. నూటికి ముప్పది వఱకు నుండిన మరణములు నూటికి నాలుగు లోపునకు దిగినవి. అదే నేటి ఓఆర్ఎస్. 1978లో లాన్సెట్ వైద్యపత్రిక దీనిని ఈ శతాబ్దపు వైద్యములో మిక్కిలి ముఖ్యమైన ముందడుగు కావచ్చునని ప్రశంసించెను. ఆ మహనీయుడు 2022లో దివంగతుడయ్యెను; మరుసటి సంవత్సరము భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించెను. ఇందు గమనింపదగిన విశేషమేమనగా, ఆ శిబిరమున మందు త్రాగించినవారు తల్లులును, అక్కలును, అవ్వలునే.

మా యెఱుకలోని ఒక పల్లెలో జరిగిన సంగతి చెప్పెదము. ఏడాదిన్నర బిడ్డకు విరేచనములు పట్టుకొన్నవి. బిడ్డ దాహము దాహమని గ్లాసు లాగికొని త్రాగుచునే యున్నది. అయినను నాయనమ్మ ఊరి ఆర్ఎంపీని పిలిపించి, “పొట్లాలు కాదు బాబూ, బిడ్డ నీరసించిపోయింది, సీసా కట్టు” అని పట్టుబట్టెను. ఆయన చేతులలోను, కాళ్లలోను అయిదు చోట్ల గ్రుచ్చినను సిర దొరకలేదు. ఆ గంటసేపు బిడ్డకు చుక్క నీరు పోసినవారు లేరు. తుదకు విసిగిన తల్లి బిడ్డను ఒడిలోనికి తీసికొని చెంచాతో ఓఆర్ఎస్ పట్టగా సాయంకాలమునకు తేరుకొని ఆడుకొనెను. బిడ్డ త్రాగగలిగినప్పుడు నోరే పెద్ద సిర యని ఆనాడు మాకు తోచినది.

కావున ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో పెద్ద పొట్లము మొత్తము కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. వాంతి అయిన పది నిమిషములాగి మరల మొదలుపెట్టవలెను. చనుబాలు మానరాదు. జింకు మందును ఆఱు నెలలలోపు వారికి దినమునకు 10 మిల్లీగ్రాములు, పైవారికి 20 మిల్లీగ్రాములు చొప్పున పది మొదలు పదునాలుగు దినములు ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లోనే చెప్పినది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతము నీట మునిగినప్పుడు, ఎన్నో కుటుంబములు దినముల తరబడి మేడలపై చిక్కుకొన్నవి. అట్టి వేళ ఇంటికి సీసాయు, నర్సును రాజాలరు. అలమరలోని పొట్లము మాత్రము చేతికందును. డెల్టాలో కాపురము చేయు ప్రతి గృహిణియు వానకాలమునకు ముందే నాలుగు పొట్లములు ఇంట నుంచుకొనవలెను.

అయితే బిడ్డ మగతగా పడియున్నను, త్రాగిన దెల్ల వాంతి చేసికొనుచున్నను, కన్నులు లోనికి పోయి మూత్రము నిలిచినను, చేతులు కాళ్లు చల్లబడినను, మూర్ఛ వచ్చినను, మలమున నెత్తురు పడినను క్షణము ఆలసింపక ఆసుపత్రికి పోవలసినదే. అప్పుడు సూదియే ప్రాణదాత.

ఇక సూది పెట్టు వేళ సంగతి. పిల్లల సిరలు సన్ననివి. బొద్దుగా నున్న బిడ్డకు చర్మము క్రింద కొవ్వులో దాగియుండును. నీరు తఱిగిన బిడ్డకు అణగిపోవును. అందుచేత ఎంత నేర్పరికైనను ఒక్కొక్కప్పుడు మొదటి పోటుననే దొరకదు. ఇది నర్సు చేతకానితనము కాదు. అయినను దానికొక హద్దు ఉండవలెను. ఒకరు రెండు మార్లు గ్రుచ్చినను దొరకనిచో, ఇంకను అనుభవజ్ఞులైన వారిని పిలువవలెనని నేటి శ్రేష్ఠమైన నియమములు చెప్పుచున్నవి. తల్లి మెత్తగా, “సిస్టరుగారూ, పెద్ద సిస్టరుగారిని ఒక్కసారి పిలుస్తారా?” అని యడుగుట తప్పు కాదు. చేతిని గోరువెచ్చని గుడ్డతో కాచుటయు, చిన్న దీపపు వెలుగును అరచేతి క్రింద నుంచి సిరను వెదకుటయు, పెద్ద ఆసుపత్రులలో అల్ట్రాసౌండు యంత్రముతో చూచుటయు నేడు వాడుకలో నున్న ఉపాయములు. ప్రాణాపాయ సమయమున సిర దొరకనిచో మోకాలి క్రింది యెముకలోనికే సూది దింపి మందు పంపుదురు. చూచుటకు భయంకరముగా నుండునే గాని, అది ప్రాణము నిలుపు మార్గమని తల్లి ధైర్యము తెచ్చుకొనవలెను.

కాన్యులా మూతలకు రంగులున్నవి. పసికందులకు ఊదా లేక పసుపు, కొంచెము పెద్దవారికి నీలము. రంగు పరిమాణమునకు గుఱుతు. బిడ్డ సిరకు సరిపడు సన్ననిది పెట్టుట వలన సిర గోడకు ఒరపిడి తగ్గును.

నొప్పి సంగతియు చిన్నది కాదు. అత్యవసరము కానప్పుడు, చర్మము మొద్దుబారు పూతమందును గంటసేపు ముందు రాసి గ్రుచ్చవచ్చును. చంటిబిడ్డ చనుబాలు త్రాగుచున్నప్పుడు గ్రుచ్చిన ఏడ్పు తగ్గునని పరీక్షించి తెలిసికొన్నారు. బల్లపై నలుగురు నదిమిపట్టుటకంటె తల్లి ఒడిలో కూర్చుండబెట్టి చేయి మాత్రము పట్టుకొనుట మేలు. మాటలు తెలిసిన బిడ్డతో “ఏమీ నొప్పి పెట్టదు నాన్నా” అని బొంకుటకంటె, “చీమ కుట్టినట్టు ఉంటుంది, నేను నీ దగ్గరే ఉంటాను” అనుట న్యాయము. మన యిండ్లలో ఇంకొక దుర్వాడుక కలదు: “అల్లరి చేశావంటే డాక్టరుగారితో సూది వేయిస్తా!” అన్నము తినకున్నను సూదియే, నిద్రపోకున్నను సూదియే. ఇట్లు భయపెట్టి పెంచిన బిడ్డ నిజముగా సూది కావలసిన దినమున గిజగిజలాడి పెనుగును; పెనుగు చేతిలో సిర దొరకదు. ఇది మన చేతిలోని సంగతి. నేడే మానుకొనవచ్చును.

శుచి విషయమున మన స్త్రీలకు ఒకరు చెప్పవలసినది లేదు. మడి యన నేమో, ఎంగిలి యన నేమో మనకు పుట్టుకతో తెలియును. ఆ దృష్టినే ఇచటను నిలుపవలెను. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్వైస్ యను వైద్యుడు ప్రసవశాలలో వైద్యులచేత చేతులు కడిగించి బాలింతల మరణములను ఎంతయో తగ్గించెను. సూది పెట్టువారు చేతులు శుభ్రపఱచుకొనిరా, క్రొత్త పొట్లమును మన యెదుటనే విప్పిరా, స్పిరిటు రాసిన తావు ఆఱినదా, ఆఱిన పిదప మరల వ్రేలితో తాకిరా యనునవి చూడవలసిన సంగతులు. మందు ఎక్కించు ప్రతిసారియు కాన్యులా ద్వారమును స్పిరిటు దూదితో గట్టిగా తుడువవలెను. ఒకరికి వాడిన సిరంజి గాని, సూది గాని ఇంకొకరికి పనికిరాదు. సూది మార్చి సిరంజి అదే వాడుటయు అపాయకరమే. చూడవచ్చిన చుట్టములు బిడ్డ చేతిని ముట్టి ముద్దులాడకుండ వారించుటయు తల్లి పనియే.

ఇంకొక చిన్న సంగతి. మన బిడ్డల ముంజేతులకు వెండి మురుగులు, దిష్టిపూసలు, తాయెత్తు త్రాళ్లు ఉండును. సూది పెట్టు చేతికి గాని, కాలికి గాని నున్నవానిని ముందే తీసి దాచుకొనవలెను. చేయి వాచినచో అవి బిగిసి నెత్తుటి నడకను ఆపివేయును; వాచిన పిదప తీయుట కష్టము. దిష్టిపూస బిడ్డ మెడలో నున్నను అదే పని చేయును గదా!

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. కాన్యులా సిరనుండి జాఱి ప్రక్క కండలోనికి పోయినచో, సీసాలోని నీరు సిరలోనికి గాక చర్మము క్రిందికి చేరును. చేయి ఉబ్బును, చల్లబడును, చర్మము బిగిసి మెఱయును. పిల్లలలో ఇది తఱచుగా జరుగునదే.

కొన్ని యేండ్ల క్రిందట మా చెల్లెలి మనుమడు, పదకొండు నెలల వాడు, జ్వరముతో ఈ ప్రాంతపు ఆసుపత్రి యొకదానిలో నుండెను. బిడ్డ పీకివేయకుండ చేతికి అట్ట కట్టి, వ్రేళ్లు మొదలు మోచేయి వఱకు గుడ్డపట్టీ దట్టముగా చుట్టిరి. రాత్రి రెండు గంటల వేళ వాడు ఏడ్వసాగెను. పాలు పట్టిన త్రాగలేదు, ఎత్తుకొన్న మానలేదు. ప్రక్క మంచము పెద్దమ్మ, “దిష్టి తగిలిందేమో, ఉప్పు తిప్పు తల్లీ” అనెను. మా మేనకోడలు వినుచునే వాని రెండు చేతుల వ్రేళ్లను తన వ్రేళ్లతో పట్టి చూచెను. పట్టీ కొననుండి కనబడు వ్రేళ్లు ఎడమ చేతివి లావై, మంచువలె చల్లగా నున్నవి. వెంటనే పోయి, “సిస్టరుగారూ, చెయ్యి తేడాగా ఉంది, కట్టు విప్పి చూడండి” అనెను. వార్డునిండ బిడ్డలు, ఉన్నది ఒక్క నర్సు. “ఇప్పుడే చూశానమ్మా, బాగానే పోతోంది చుక్క” అని యామె యనెను. చుక్క పోవుచున్న మాట నిజమే. కాని ఎక్కడికి పోవుచున్నది? మేనకోడలు కదలలేదు. “మీరు వచ్చి చూసేదాకా నేనిక్కడే నిలబడతానండీ” అనెను. నర్సు వచ్చి పట్టీ విప్పినది. చేయి మోచేయి దాటి వాచియున్నది. ఆమె ముఖము పాలిపోయినది. మఱుక్షణమే చక్రము మూసి, కాన్యులా తీసి, చేతిని దిండుపై ఎత్తుగా నుంచి డ్యూటీ డాక్టరును పిలిచినది. అది ఉత్త సెలైను గనుక మరునాటి సాయంకాలమునకు వాపు దిగినది.

అందుండినది కాల్షియము మందైనచో? గాఢమైన గ్లూకోజైనచో? రక్తపుపోటు నిలుపు మందైనచో? అట్టివి కండలోనికి చేరిన చర్మము కాలినట్లు కమిలి, పుండుపడి, కొన్నిమార్లు శస్త్రచికిత్సకు దారితీయును. మచ్చ జీవితాంతము మిగులును. ఆ నర్సును నిందింప మాకు మనసొప్పదు. ఒక్కతె అంతమందిని చూడవలసిన యేర్పాటుదే దోషము. ఆ రాత్రి బిడ్డ చేతిని కాచినది యంత్రము కాదు, తన కన్ను చూచినదానిని విడువక నిలిచిన తల్లి.

అమెరికాలోని కొన్ని బాలల ఆసుపత్రులలో గంటగంటకు చేయవలసిన పనిని మూడు మాటలలో నేర్పుచున్నారు: తాకుము, చూడుము, పోల్చుము. కాన్యులా చుట్టును వ్రేలితో తాకి చూడవలెను. మెత్తగా, వెచ్చగా, నొప్పి లేక యుండవలెను. కన్నుతో చూడవలెను, ఎఱుపు, తడి, వాపు, తెల్లబాఱుట ఉండరాదు. ఆ చేతిని రెండవ చేతితో పోల్చవలెను. రెండును ఒక్క తీరుగ నుండవలెను. దీనికి చదువు అక్కఱలేదు, ఖర్చు లేదు. అయితే చూచుటకు తావు కనబడవలెను గదా! అందుకే కాన్యులా దూరిన చోట లోపల కనబడు పారదర్శకమైన అంటుపట్టీ వేయవలెను. వ్రేళ్లకొనలు ఎప్పుడును బయట నుండవలెను. చేతిని మూటకట్టిన చోట, “కొంచెం కనబడేటట్టు కట్టండమ్మా” అని యడుగుడు. మందును మీటరు ప్రకారము నెట్టు పంపు యంత్రములు నేడు వచ్చినవి, మంచివే. కాని సిర తప్పిన సంగతిని వానిని నమ్మి విడువరాదు. గొట్టము కండలో నున్నను అవి నెట్టుచునే యుండవచ్చును.

ఇక కొలత. పెద్దవారికి సీసా కొంచెము వేగముగ పోయినను కొందఱికి చెల్లును, పసివారికి చెల్లదు. 1957లో హాలిడే, సీగర్ అను వైద్యులు చెప్పిన లెక్క నేటికిని పాఠ్యగ్రంథములలో నున్నది: మొదటి పది కిలోలకు కిలో ఒక్కింటికి దినమునకు 100 మిల్లీలీటర్లు, తరువాతి పదింటికి 50, ఆపైన 20. అనగా పది కిలోల బిడ్డకు ఇరువదినాలుగు గంటలకు ఒక్క లీటరు. గంటకు సుమారు 42 మిల్లీలీటర్లు. పిల్లలకు వాడు మైక్రో డ్రిప్ సెట్టులో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు. అందుచేత గంటకెన్ని మిల్లీలీటర్లో, నిమిషమునకు అన్ని చుక్కలు: 42. పెద్దల సెట్టులో సామాన్యముగా 20 చుక్కలే ఒక మిల్లీలీటరు. అచటను 42 చుక్కలు వదలిన బిడ్డకు మూడింతలు పోవును! సెట్టు మారిన లెక్క మారునని గుఱుతుంచుకొనవలెను. ఇది ఆహారము లేని దినపు సామాన్యావసరము మాత్రమే. విరేచనములకు, డెంగీకి లెక్క వేఱు. దానిని వైద్యుడే నిర్ణయింపవలెను. తల్లి చేయదగినది, చేరిననాడే బిడ్డ బరువు తూచి వ్రాయించుట, “నిమిషానికి ఎన్ని చుక్కలండీ?” అని యడిగి తెలిసికొనుట, గడియారము చూచి లెక్కించుట, తేడా కనబడిన చెప్పుట. చక్రమును తాను త్రిప్పరాదు. “త్వరగా అయిపోతే ఆఖరి బస్సు అందుకుంటాం” అని మగవారు చక్రము వదలుచేయుట మేము కన్నులార చూచితిమి. ఆ తొందర బిడ్డ ఊపిరితిత్తులకు ముప్పు.

డెంగీలో ఈ జాగ్రత్త రెండింతలు కావలెను. జ్వరము తగ్గిన దినముననే అసలు గండము. అప్పుడు నీరు తక్కువైనను ముప్పే, ఎక్కువైనను ఆయాసము వచ్చును. అందుచేతనే వైద్యులు గంటగంటకు వేగమును మార్చుదురు. బిడ్డ ఎన్నిమార్లు మూత్రము పోసినదో తల్లి చీటిపై వ్రాసి యుంచిన వైద్యునకు గొప్ప సాయము.

సీసాలో ఏమున్నదనునదియు ప్రశ్నయే. “గ్లూకోజు ఎక్కిస్తే బలం” అని మనవారి నమ్మకము. ఉప్పు చాలని నీటిని ఎక్కువగ ఎక్కించిన నెత్తురులోని సోడియము తగ్గి, మెదడు ఉబ్బి, మూర్ఛలు రావచ్చును. నెలలోపు శిశువులకు దప్ప తక్కిన పిల్లలలో చాలమందికి, నెత్తురుతో సమానమైన ఉప్పుగల ద్రవమునే వాడవలెనని అమెరికా బాలవైద్యుల సంఘము 2018లో నిర్ణయించినది.

ఆసుపత్రులవారికిని రెండు మాటలు మనవి చేయుదుము. 2006లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున, పసికందుల గొట్టములు మూసికొనిపోకుండ వాడు హెపారిన్ మందుకు బదులు, అదే పోలికగల చిన్న సీసాలోని వేయింతలు గాఢమైన మందు ఎక్కించుట వలన ముగ్గురు శిశువులు మరణించిరి. ఇచ్చినవారు దుష్టులు కారు. సీసాలు ఒక్క తీరుగ నున్నవి. గాఢమైన మందులను పిల్లల వార్డునుండి వేఱుగ నుంచుట, ఇద్దఱు చదివి ఇచ్చుట, బిడ్డ చేతి పట్టీపై పేరు చూచుట, కాన్యులా పెట్టిన తేదీయు గంటయు వ్రాయుట, ప్రతి ఉదయమున “ఈ సూది ఇంకను కావలెనా?” యని ప్రశ్నించి అక్కఱ తీరిన నాడే తీసివేయుట — వీనికి పెద్ద ధనము పట్టదు. బెజవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో పుట్టినది; 1986లో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము వచ్చినది; 2023లో మచిలీపట్నమునకును ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. ఇంత విద్య యున్న సీమలో రాత్రివేళ ఒక్క నర్సు పదుల బిడ్డలను చూడవలసిన స్థితి పోవలెను. గంటగంటకు చేయి చూచి సంతకము చేయు కాగితము ప్రతి మంచమునకును వ్రేలాడవలెను. దానిలో తల్లికిని ఒక గడి యుండవలెను.

ఇంటికి వచ్చిన పిదపను రెండు మూడు దినములు ఆ తావును కనిపెట్టియుండవలెను. సిర త్రాడువలె గట్టిపడినను, ఎఱ్ఱబాఱినను, చీము కనబడినను, జ్వరము మరల వచ్చినను వెంటనే వైద్యునకు చూపవలెను. దానిపై పసుపు, సున్నము పట్టువేసి కాలయాపన చేయరాదు.

సోదరీమణులారా! ఆసుపత్రిలో అడుగుటకు మనము జంకుదుము. చదువుకొన్నవారి యెదుట నోరు విప్పిన ఏమనుకొందురో యని వెనుకాడుదుము, విసుగుకొందురని భయపడుదుము. మంచి వైద్యుడు, మంచి నర్సు తల్లి ప్రశ్నను తప్పు పట్టరు. మర్యాదగా అడిగిన ప్రశ్న వారికి సాయమే గాని ధిక్కారము కాదు. వారికి పదిమంది బిడ్డలు. మనకు ఒడిలో నున్నది ఒక్కటి. వారు శాస్త్రము నెఱుగుదురు. ఆ బిడ్డ ఏడ్పును మనమెఱుగుదుము. ఈ రెండును కలిసిననే పసిచేయి క్షేమముగా నుండును. కావున గంటకొకమారు పట్టీ వైపు చూడుడు, రెండు చేతులను పోల్చుడు, తేడా తోచిన లేచిపోయి చెప్పుడు; చెప్పిన పిదప ఎవరైనను వచ్చి చూచువఱకు అచటనే నిలిచియుండుడు.